పక్కన కూర్చుని వినే మాస్టారు

గిటార్ మీద 'సి' కార్డ్ పట్టడం కొత్తగా నేర్చుకునే చాలామంది దగ్గర మూడో తీగ మూగబోతుంది. చూపుడువేలు రెండో తీగ మీద మొదటి మెట్టులో, మధ్యవేలు నాలుగో తీగ మీద రెండో మెట్టులో, ఉంగరపు వేలు ఐదో తీగ మీద మూడో మెట్టులో ఉండాలి. బొమ్మలో ఉన్నట్టే పెట్టామనుకుంటాం. మీటి చూస్తే అయిదు తీగల్లో ఒకటి మోగదు, 'దబ్' మంటుంది. నాలుగో తీగ మీద నొక్కిన మధ్యవేలు కాస్త వాలి, దాని కండ మూడో తీగకు తగులుతూ ఉంటుంది. నేర్చుకునేవాడికి ఆ సంగతి తెలియదు. గిటార్ మంచిది కాదేమో అనుకుంటాడు, లేదా తన వేళ్లే లావనుకుంటాడు.

మా మాస్టారి ఇంటి ముందు గదిలో ఒక పదేళ్ల పిల్లాడికి ఇలాగే అయింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ టీ తాగుతున్నారు. "మూడోది పలకట్లేదు నాన్నా" అన్నారు, తల తిప్పకుండానే. గ్లాసు కింద పెట్టి వచ్చి పక్కన కూర్చున్నారు. నొక్కుతున్న వేళ్ల జోలికి అసలు పోలేదు. గిటార్ మెడ మీదుగా పైకి పాకేసిన పిల్లాడి బొటనవేలిని వెనకవైపు నడిమికి దించారు. మణికట్టు దానంతటదే ముందుకొచ్చింది, వాలిపోయిన వేళ్లు నిలబడ్డాయి, మూడో తీగ మోగింది. ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. అంతకుముందు మూడు వారాలు ఆ పిల్లాడు ఇంట్లో వీడియో చూస్తూ అదే కార్డ్ పట్టుకుని కుస్తీ పట్టాడట. వీడియోలో చెప్పిందంతా సరిగ్గానే ఉంది. కాకపోతే చెప్పేవాడికి ఈ పిల్లాడి చప్పుడు వినపడదు.

గిటార్‌కి ప్రైవేటు మాస్టారు కావాలా అన్న ప్రశ్న ఇవాళ చాలా ఇళ్లలో వస్తోంది. పదో తరగతి సెలవుల్లో గిటార్ కొనిపెట్టమన్న కొడుకుకి తండ్రి "ఫోన్లో అన్నీ ఉన్నాయి కదరా" అంటాడు. నలభై దాటి గిటార్ కొనుక్కున్న ఉద్యోగి ఈ వయసులో మాస్టారి ముందు కూర్చోవడానికి మొహమాటపడతాడు. మరోవైపు "గురువు లేని విద్య గుడ్డి విద్య" అని ఒక్క మాటతో తేల్చేసే పెద్దలున్నారు. ఈ వాదనలన్నీ విన్నాక నాకు తోచింది ఇది: మాస్టారి అసలు పని వినడం. వాయించి చూపే పనిని ఇప్పుడు వీడియోలు బాగానే చేస్తున్నాయి. వినే పని చేసేవాళ్లు దొరికితే మాత్రం ఫీజుకి వెనకాడకూడదు. దొరక్కపోతే, పేరుకి మాత్రమే మాస్టారైన మనిషి కన్నా మంచి వీడియో నయం.

ముందు, గురువు అక్కర్లేదనేవాళ్ల వాదన చూద్దాం. వాళ్లకి బలమైన సాక్ష్యాలే ఉన్నాయి. గిటార్‌ని పెద్ద కచేరీ సభల్లోకి తీసుకెళ్లిన స్పెయిన్ విద్వాంసుడు ఆంద్రేస్ సెగోవియా (1893–1987) తనకు తానే గురువునని జీవితాంతం చెప్పుకున్నాడు. 1928లో బండికి నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్లు దాదాపు పనికిరాకుండా పోయిన జాంగో రైన్‌హార్ట్, మిగిలిన వేళ్లతోనే జాజ్ గిటార్ రూపురేఖలు మార్చేశాడు. జిమీ హెండ్రిక్స్ కుడిచేతివాటం గిటార్‌ని తిరగేసి, తీగలు మార్చి కట్టుకుని ఎడమచేతివాటంగా వాయించాడు. వీళ్లెవరూ నెలకింతని ఫీజు కట్టి నేర్చుకున్నవాళ్లు కారు.

అయితే వీళ్లలో ఎవరూ ఒంటరిగా గదిలో కూర్చుని నేర్చుకున్నవాళ్లు కూడా కారు. జాంగో పెరిగిన రోమా సంచార కుటుంబాల గుడారాల్లో పొద్దస్తమానం ఎవరో ఒకరు బాంజోయో గిటారో వాయిస్తూనే ఉండేవారు. హెండ్రిక్స్ తన పేరుతో రికార్డు రాకముందు ఐస్లీ బ్రదర్స్ వెనక, లిటిల్ రిచర్డ్ వెనక వాద్యగాడిగా ఊరూరా తిరిగాడు. తప్పు వాయిస్తే ఆ రాత్రే మొహం మీద చెప్పేసే జనం మధ్య నేర్చుకున్నాడు. సెగోవియా బార్సిలోనాలో మిగెల్ ల్యోబెట్‌తో స్నేహం చేసి, అతని దగ్గరున్న రచనలు ఎన్నో తన కచేరీల్లోకి తెచ్చుకున్నాడు. 'సొంతంగా నేర్చుకున్నాను' అన్న మాటలో చాలాసార్లు ఉన్న అర్థం ఫీజు ఇవ్వలేదనే. వినేవాళ్లు చుట్టూ ఉన్నారు. మన అపార్ట్‌మెంట్‌లో తలుపేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని నేర్చుకునే కుర్రాడికి ఆ అదృష్టం లేదు. అతన్ని హెండ్రిక్స్‌తో పోల్చి "వాడికి గురువెవరు?" అని అడగడం అన్యాయం.

ఆ ల్యోబెట్ గురువు ఫ్రాన్సిస్కో తార్రెగా (1852–1909). ఇవాళ క్లాసికల్ గిటార్ పట్టుకునే తీరులో, కుడిచేయి మీటే తీరులో ఆయన ముద్ర చాలా ఉంది. ఆయన పద్ధతిని పుస్తకంగా రాయలేదు. బార్సిలోనాలో తన దగ్గరికి వచ్చినవాళ్లకి నేర్పుతూ పోయాడంతే. ఆ నేర్పిన తీరుని తర్వాత పుస్తకాలుగా కూర్చింది మరో శిష్యుడు ఎమిలియో పుజోల్. నాకు ఇందులో నచ్చిన సంగతి ఇంకొకటుంది. తార్రెగా చివరి రోజుల్లో గోళ్లు తీసేసి వేలి కండతో మీటడం మొదలుపెట్టాడు. పుజోల్ ఆ దారిలోనే వెళ్లాడు. ల్యోబెట్ మాత్రం గోటితోనే మీటాడు. ఒకే గురువు, ఇద్దరు శిష్యులు, రెండు నాదాలు. ఇద్దరూ గొప్పవాళ్లే అయ్యారు.

మాస్టారి అసలు పని వినడమే అనడానికి ఇంకా గట్టి ఉదాహరణ న్యూయార్క్‌లో ఉంది. రెవరెండ్ గ్యారీ డేవిస్ (1896–1972) దక్షిణ కరోలినాలో పుట్టిన నల్లజాతి గాయకుడు. చిన్నప్పుడే చూపు పోయింది. వీధుల్లో పాడుతూ, చర్చిలో బోధిస్తూ, ఇంట్లో గిటార్ నేర్పుతూ బతికాడు. స్టెఫాన్ గ్రాస్‌మన్ కుర్రాడిగా ఉన్నప్పుడు వారాంతాల్లో ఆయన ఇంటికి వెళ్లి గంటల తరబడి కూర్చుని నేర్చుకున్నాడు. డేవ్ వాన్ రాంక్, బాబ్ వియర్ లాంటివాళ్లు కూడా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. శిష్యుడి వేలు ఏ మెట్టులో ఉందో ఆయన కళ్లతో చూడలేడు, వినాలి. విని తప్పు పట్టుకుని దిద్దగలిగాడు కాబట్టే ఒక తరం అమెరికన్ గిటారిస్టులు ఆయన ఇంటి మెట్లెక్కారు.

పుస్తకాల సంగతి త్వరగా చెప్పుకుందాం. ఫెర్నాండో సోర్ 1830లోనే గిటార్ బోధన మీద పుస్తకం అచ్చేశాడు. అమెరికాలో మెల్ బే 1940లలో మొదలుపెట్టిన పాఠ్యపుస్తకాలు, ఇంగ్లండ్‌లో 1957లో వచ్చిన బెర్ట్ వీడన్ 'ప్లే ఇన్ ఎ డే' లక్షల ఇళ్లకు చేరాయి. ఒక్కరోజులో నేర్పుతానన్న ఆ రెండో పుస్తకంతో మొదలుపెట్టినవాళ్లలో ఎరిక్ క్లాప్టన్ లాంటివాళ్లున్నారు. 2003లో జస్టిన్ శాండర్కో ఇంటర్నెట్‌లో పెట్టిన ఉచిత పాఠాలు ఆ పుస్తకాల వారసులే. వరస కుదిరిన, ఓపికైన, నిజాయితీ ఉన్న పాఠాలవి. డబ్బు లేని పిల్లలకి వాటి వల్ల జరిగిన మేలు తక్కువది కాదు.

కానీ నిలబడేవాళ్లు ఎంతమంది? ఫెండర్ కంపెనీ సీఈఓగా ఆండీ మూనీ ఒక మాట పలుమార్లు చెప్పారు: కొత్తగా గిటార్ పట్టినవాళ్లలో నూటికి తొంభైమంది ఏడాది తిరక్కముందే వదిలేస్తున్నారని. గిటార్లు అమ్ముకునే కంపెనీకి ఇది బాధాకరమైన లెక్క. అందుకే 2017లో 'ఫెండర్ ప్లే' అన్న నేర్చుకునే యాప్ తెచ్చారు. ఈ లెక్క కచ్చితంగా ఎంతన్నది అలా ఉంచితే, మన బంధువుల ఇళ్లలో బీరువాల మీద దుమ్ముకొట్టుకున్న గిటార్లు చూస్తే నమ్మాలనే అనిపిస్తుంది.

వదిలేయడానికి కారణం బద్ధకమని సులువుగా అనేస్తాం. నేను చూసినంతలో కారణాలు ఇంకా చిన్నవి. మొదటి నెలలో వేలికొసలు మండుతాయి. కాయలు కాసేదాకా ఓర్చుకోవాలని చెప్పేవాళ్లు కావాలి. రోజూ పదిహేను నిమిషాలు వాయిస్తే కొన్ని వారాల్లో గట్టిపడతాయి. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు వాయిస్తే పుండ్లు పడతాయి. తర్వాత చవక గిటార్ల బాధ. వాటి మీద తీగలు మెట్లకు చాలా ఎత్తులో ఉంటాయి. స్టీలు తీగల గిటార్‌కి పన్నెండో మెట్టు దగ్గర రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తు చాలు. నాలుగు మిల్లీమీటర్లు ఉన్నదాన్ని పిల్లల వేళ్లు నొక్కలేవు. బ్రిడ్జి మీదున్న తెల్లటి పట్టీని కాస్త అరగదీస్తే సరిపోయే పని. అది తెలియక తన వేళ్లలో బలం లేదనుకున్న పిల్లలు ఎంతమందో! ఇవి దాటాక 'ఎఫ్' కార్డ్ ఎదురొస్తుంది. చూపుడువేలిని అడ్డంగా వాల్చి ఆరు తీగలూ నొక్కాలి. సగంమంది అక్కడ ఆగిపోతారు. మాస్టారున్న పిల్లాడికి ఆరు తీగల బదులు ముందు రెండు తీగలే నొక్కే చిన్న 'ఎఫ్' చూపిస్తారు, పాట ఆగదు. ఇందులో ఏదీ మహావిద్య కాదు. సమయానికి చెప్పేవాళ్లుంటే చాలు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయో చూస్తే అక్కడ కూడా జాగ్రత్తగా అడుగేయాలి. 1984లో షికాగో విశ్వవిద్యాలయపు బెంజమిన్ బ్లూమ్ ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఒక్కొక్కరికీ విడిగా పాఠం చెబితే సగటు విద్యార్థి, మామూలు తరగతిలో చదివినవారిలో 98 శాతం మందిని మించిపోయాడన్నాడు. ప్రైవేటు పాఠాలు అమ్ముకునేవాళ్లందరూ దీన్ని ఉదహరిస్తారు. అయితే అక్కడ నేర్పినవి సంభావ్యత, పటాల తయారీ లాంటి పాఠాలు. సంగీతం ఊసే లేదు. 2011లో కర్ట్ వాన్‌లెన్ చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఆ ప్రయోజనం బ్లూమ్ చెప్పినదానిలో సగం కన్నా తక్కువకే తేలింది. తక్కువైనా అది చిన్నదేమీ కాదు. విడిగా చెప్పడం వల్ల మేలు జరుగుతుందన్నది నిలిచింది, అద్భుతం జరుగుతుందన్నది నిలవలేదు.

1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఇంకా ప్రసిద్ధం. పదివేల గంటల మాట అక్కడి నుంచే ఊరికెక్కింది. ఆ తర్వాత 2014లో బ్రూక్ మెక్‌నమారా బృందం లెక్క కడితే, సంగీతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సాధన గంటలు వివరించగలిగింది దాదాపు 21 శాతమే. 2019లో వయొలిన్ అధ్యయనాన్నే మళ్లీ చేసి చూస్తే, అత్యుత్తములకీ వారి తర్వాతివారికీ సాధన గంటల్లో మొదట చెప్పినంత తేడా కనపడలేదు. గంటల గొడవలో పడి అందరూ ఒక సంగతి మరిచిపోయారనిపిస్తుంది. ఎరిక్సన్ చెప్పిన సాధన ఊరికే వాయిస్తూ కూర్చోవడం కాదు. ఆ విద్యార్థి బలహీనత కనిపెట్టి గురువు రాసిచ్చిన పనిని, పూర్తి ధ్యాసతో చేయడం. అంటే ఆ గంటల వెనక ఒక మాస్టారి చెవి ఉంది.

మరో రెండు అధ్యయనాలు నాకు మరీ విలువైనవిగా తోస్తాయి. బ్లూమ్ బృందంలోని లారెన్ సాస్నియాక్ అమెరికాలో పేరుపడ్డ 21 మంది పియానో కళాకారుల బాల్యాన్ని తవ్వి చూసింది. వాళ్ల మొదటి గురువులు చాలావరకు ఇంటి దగ్గరుండే మామూలు మాస్టార్లే, మహా విద్వాంసులు కారు. కానీ పిల్లలంటే ఇష్టమున్నవాళ్లు, పాఠాన్ని పండగలా చేసినవాళ్లు. ఇక ఆస్ట్రేలియాలో గ్యారీ మెక్‌ఫర్సన్ కొత్తగా వాద్యం పట్టబోతున్న 157 మంది పిల్లలతో మాట్లాడాడు. ఎన్నాళ్లు వాయిద్దామనుకుంటున్నావని పాఠాలు మొదలవకముందే అడిగాడు. చాలా ఏళ్లు వాయిస్తానన్న పిల్లలు, కొద్దిపాటి సాధనతోనే మిగతావాళ్లని దాటిపోయారు. అవి ఎక్కువగా ఊదే వాద్యాలు, గిటార్ కాదు. అయినా పిల్లాడికి గిటార్ కొనేముందు ఆ ప్రశ్న అడగడం మనకీ మంచిది. జవాబు "ఈ సెలవులకి" అయితే, ముందు ఎవరిదైనా గిటార్ అరువు తెచ్చుకోవచ్చు.

మన వైపు కథ దీనికన్నా లోతైనది. మన దగ్గర గిటార్‌తోనూ దాని బంధువులతోనూ గొప్ప పనులు చేసినవాళ్లు చాలామంది, ఆ వాద్యం రాని గురువుల దగ్గర నేర్చుకున్నారు.

పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ నాన్నగారి మాండలిన్ తీసి వాయించడం మొదలుపెట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. చెంబై వైద్యనాథ భాగవతార్ సంప్రదాయంలో పాడేవారు. ఆయనకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీద పట్టుకునేవాడు. ఇది ఎంత కష్టమో, ఎంత మేలో ఒక్కసారి ఆలోచించండి. మాండలిన్ వచ్చిన గురువైతే వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు. పిల్లవాడు వేళ్లనే అనుకరించేవాడు, మాండలిన్‌కి అలవాటైన పొడి పలుకే వచ్చేది. ఇక్కడ ముందున్నది గొంతు. స్వరం నుంచి స్వరానికి జారే గమకం ఆ గొంతులో ఉంది. దాన్ని తీగ మీద పలికించే దారిని పిల్లవాడే వెతుక్కోవాల్సి వచ్చింది. అది పలికిందో లేదో చెప్పడానికి సుబ్బరాజు గారి చెవి పక్కనే ఉంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆ పిల్లవాడు తొలి కచేరీ చేశాడు. తర్వాతి సంగతి లోకానికి తెలుసు. శ్రీనివాస్ దగ్గర నేర్చుకున్నవాళ్లలో మన సినీ సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్ ఒకరు.

ఇదే వరస ఇంకా కనిపిస్తుంది. గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించే ఆర్. ప్రసన్న, విజయనగరంలో పుట్టిన వయొలిన్ విదుషీమణి అవసరాల కన్యాకుమారి గారి శిష్యుడు. గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి హిందుస్తానీ రాగాలు వాయించిన బ్రిజ్ భూషణ్ కాబ్రా గురువు సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్. గిటార్‌ని మార్చి మోహన వీణగా చేసి 1994లో గ్రామీ అందుకున్న విశ్వమోహన్ భట్ గురువు సితార్ రవిశంకర్. ఇంకా వెనక్కి వెళితే ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి, మద్రాసులో ఒక యూరోపియన్ వయొలినిస్టు దగ్గర పాఠాలు చెప్పించుకుని ఆ వాద్యాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. అక్కడ వాద్యం గురువుది, రాగం శిష్యుడిది. పాశ్చాత్య వాద్యం మన చేతికి వచ్చిన తొలి అడుగుల్లోనే ప్రైవేటు పాఠం ఉందన్నమాట.

ఇళయరాజా గారి సంగతి వేరే రకం. మద్రాసు వచ్చాక ఆయన ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. మైలాపూర్‌లో ఆ మాస్టారి గది సినిమా సంగీతానికి ఒక పాఠశాల లాంటిది. స్వరాలు కాగితం మీద చదవడం, రాయడం, ఒక రాగం కింద ఇంకొకటి నడిపించడం అక్కడ పట్టుబడ్డాయి. ఆయన లండన్ ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటార్ పరీక్ష కూడా ఇచ్చారు. 'గీతాంజలి' పాటల్లో గిటార్ వినిపించిన చోటల్లా నాకు ఆ గది గుర్తొస్తుంది.

అలాగని పాడేవాళ్ల దగ్గరికి గిటార్ పట్టుకుని వెళ్లిపొమ్మని నేననను. శ్రీనివాస్‌కి ఇంట్లోనే మాండలిన్ వాయించే తండ్రి ఉన్నాడు. ప్రసన్న గిటార్ మీద చేయి కుదిరాకే కన్యాకుమారి గారి దగ్గరికి చేరాడు. మొదటి ఏడాది రెండేళ్లు చేతిని చూసే మనిషి కావాలి. మణికట్టు బాగా వంచి గంటల తరబడి నొక్కితే నరం మీద ఒత్తిడి పడుతుంది, నొప్పి మొదలయ్యాక మాన్పడానికి నెలలు పడుతుంది. ముద్దకట్టిన భుజాలు, నేలచూపులు చూసే మెడ, మెట్టు మధ్యలో నొక్కే అలవాటు, ఇవన్నీ ముదిరితే కష్టం. తీగని మెట్టుకు ఆనుకుని వెనకే నొక్కితే సగం బలం చాలునన్న ఒక్క సంగతి తెలియక ఏళ్లపాటు చేతిని హింసపెట్టుకునేవాళ్లున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

నా మొదటి మాస్టారు పాటల పుస్తకం మాస్టారు. వారానికి రెండు క్లాసులు. నోట్సులో పాట సాహిత్యం రాయించి, పైన కార్డులు వేసి ఇచ్చేవారు. ఆరు నెలల్లో ఇరవై పాటలు వచ్చాయి, బంధువుల ముందు వాయించాను, అమ్మ మురిసిపోయింది. ఒకరోజు ప్రయాణంలో గిటార్ శ్రుతి తప్పింది. మళ్లీ ఎలా కలపాలో నాకు తెలియదు. అప్పటిదాకా ప్రతి క్లాసులో మాస్టారే తీసుకుని చకచకా కలిపి ఇచ్చేవారు. చేతిలో గిటార్ ఉంది, ఇరవై పాటలున్నాయి, వాయించడానికి లేదు. ఆ రోజు పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

రెండో మాస్టారు మొదటి నెలంతా శ్రుతి చేయించారు. "ఆరో తీగని అయిదో మెట్టులో నొక్కు. వచ్చిన స్వరమూ ఉత్తి అయిదో తీగా ఒకటి కావాలి. విను. తీగ ఇంకా కిందుంది, తిప్పు. ఇప్పుడు పైకెళ్లింది." అలా తీగ తర్వాత తీగ. మూడో తీగ నుంచి రెండో తీగకి మాత్రం నాలుగో మెట్టు. ఎందుకని అడిగితే, కొంచెం కర్ణాటక సంగీతం తెలిసిన మనిషి కాబట్టి, పాడి చూపించారు: తీగకీ తీగకీ మధ్య స నుంచి శుద్ధ మధ్యమం దూరం, ఆ ఒక్కచోట మాత్రం స నుంచి అంతర గాంధారం. ఆ వాక్యంతో గిటార్ మెడంతా నాకు ఇంట్లో గదుల్లా అర్థమైంది. రెండు తీగలు కలవబోయే ముందు 'వావ్ వావ్' మని ఒక అల వస్తుంది. కలిసేకొద్దీ అది నెమ్మదించి ఆగిపోతుంది. ఆ ఆగడం వినడానికి నాకు పది రోజులు పట్టింది. శ్రుతి చూపే యాప్ ఫోన్లో ఉన్నా ఆయన తీయనివ్వలేదు. అప్పుడు చాదస్తం అనుకున్నాను. ఇవాళ ఆయనకి చేతులెత్తి మొక్కుతాను.

గ్రేడు పరీక్షల మీద కూడా ఒక మాట. ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం, రాక్‌స్కూల్ పరీక్షలు మన నగరాల్లో బాగా పాకాయి. మొదటి మెట్టు నుంచి ఎనిమిదో గ్రేడు దాకా ఉంటాయి. ఇవి ఊరికే డబ్బు గుంజే పనులని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. బయటి మనిషి వచ్చి వినే సందర్భం పిల్లలకి అవసరం, సిలబస్ వల్ల మాస్టారికీ ఒక దారి ఉంటుంది. ప్రమాదం ఎక్కడంటే, పరీక్షకి మూడు రచనలు కావాలి కాబట్టి ఏడాదంతా ఆ మూడే వాయించడం. ఎంసెట్‌కి తోమినట్టు తోమితే సర్టిఫికెట్ వస్తుంది. అయిదో గ్రేడు పాసైన పిల్ల పెళ్లింట్లో ఎవరో పాట ఎత్తుకుంటే దాని కింద రెండు కార్డులు వేయలేక కూర్చుండిపోతుంది. మూడు పరీక్ష రచనలకి పది మామూలు పాటలు తోడుంటే ఈ జబ్బు రాదు.

అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు ఇక్కడి గురువుల దగ్గర, ఇక్కడి పిల్లలు అక్కడి మాస్టార్ల దగ్గర కంప్యూటర్ మీద నేర్చుకోవడం ఇప్పుడు మామూలైంది. ముఖాముఖి అంత కాదు గానీ వీడియో పాఠం కన్నా ఎంతో మేలు, ఎందుకంటే అవతల వినే మనిషి ఉన్నాడు. ఇద్దరూ కలిసి వాయించడం మాత్రం కుదరదు, శబ్దం చేరేలోపు తాళం దాటిపోతుంది. ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు. జూమ్ లాంటివి మాట కోసం తయారైనవి. మోగుతూ నిలిచే తీగ శబ్దాన్ని ఫ్యాన్ చప్పుడనుకుని నొక్కేస్తాయి. 'ఒరిజినల్ సౌండ్' అన్న మీట వేస్తేనే గురువుకి అసలు నాదం చేరుతుంది. ఆ మీట వేయకుండా ఏడాది నేర్చుకుంటే, ఆ ఏడాదంతా గురువు సగమే విన్నట్టు.

ఇక ఎలాంటి మాస్టారిని ఎంచుకోవాలి? పెద్ద వాద్యగాడే కావాలని లేదు. ఆయన్ని కలిసినప్పుడు ఆయన ఎంత బాగా వాయించారన్నది కాస్త పక్కన పెట్టి, మీ పిల్లాడు వాయిస్తున్నప్పుడు ఆయన ఏం చేస్తున్నారో చూడండి. ఫోన్ చూసుకుంటున్నారా, తానూ కలిసి వాయించి పిల్లాడి తప్పుల్ని తన శబ్దంలో కప్పేస్తున్నారా, ఆగి వింటున్నారా? గంటలో ముప్పావు వంతు ఆయన గిటారే మోగితే అది కచేరీ, పాఠం కాదు. ఎనిమిదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి ప్రైవేటు క్లాసనే చోట ఎవరి మూడో తీగ మూగబోయిందో ఎవరికీ తెలియదు. వెళ్లేటప్పుడు వచ్చేవారానికి ఏం చేయాలో ఒకటి రెండు పనులు స్పష్టంగా చెప్పే మాస్టారు మంచి మాస్టారు, ఎందుకంటే ఆయన దగ్గర గడిపేది వారానికి గంటే, మిగతా రోజులు ఇంట్లో ఆ కాగితమే గురువు. ఫీజు ఎక్కువనిపిస్తే వారానికి రెండు క్లాసులు మాని పది రోజులకొకటి పెట్టుకోండి. మధ్యలో మంచి వీడియోలు చూడండి. ఈ రెంటికీ పోటీ లేదు.

గొప్ప వాద్యగాళ్లు గొప్ప మాస్టార్లయిన సందర్భాలూ ఉన్నాయి. ఎప్పుడంటే, వాళ్లు వినగలిగినప్పుడు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో జో సాట్రియాని అనే కుర్రాడు ఇంట్లో గిటార్ నేర్పేవాడు. తనకన్నా నాలుగేళ్లు చిన్నవాడైన స్టీవ్ వాయ్ మొదటిసారి ఆయన గుమ్మంలోకి వచ్చినప్పుడు ఒక చేతిలో తీగలు లేని గిటార్, ఇంకో చేతిలో తీగల పొట్లం ఉన్నాయని ఇద్దరూ చెప్పుకుంటారు. పాఠం తీగ కట్టడం దగ్గర మొదలైంది. తర్వాత మెటాలికా వాద్యగాడు కర్క్ హామెట్ కూడా సాట్రియాని దగ్గరే పాఠాలు చెప్పించుకున్నాడు.

మీరు కూడా మొదటి క్లాసుకి గిటార్‌ని శ్రుతి చేయకుండానే తీసుకెళ్లండి. మాస్టారు దాన్ని మీ చేతిలోంచి తీసుకుని, తానే కలిపి, పాట మొదలుపెడితే ఇంకో నాలుగు చోట్ల చూడండి. గిటార్ మీ చేతిలోనే ఉంచి, ఒక తీగ మీటమని, "విను, ఇది పైనుందా కిందుందా?" అని అడిగితే ఆ నెల ఫీజు అక్కడే కట్టేయండి.